తిరిగే చదువు అనుకుని చేరాను

"టూరిజమా? అంటే మీ నాన్న పంటు మీద చేసే పనే కదే. దానికి మూడేళ్లు చదవాలా?"

2021లో నేను బీబీఏ టూరిజంలో చేరినప్పుడు మా పెద్దమ్మ అన్న మాట ఇది. మాది కోనసీమలో సఖినేటిపల్లి దగ్గర చిన్న ఊరు. మా నాన్న రేవులో పంటు మీద, అంటే జనాన్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ మీద, పనిచేస్తాడు. గోదావరి పాయ వశిష్టకి ఇవతల మేము, అవతల నరసాపురం. కాలేజీ పిల్లలు, చేపల బుట్టలు, మోటార్ సైకిళ్లు, ఒక్కోసారి బాసికాలతోనే పెళ్లికొడుకూ పెళ్లికూతురూ, అందరూ ఆ పంటు ఎక్కే దాటాలి. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లొచ్చు గానీ, ఎదురుగా కనిపించే ఊరికి గంట పైన బస్సులో ఎవరు కూర్చుంటారు? పెద్దమ్మ వెటకారానికే అన్నా అందులో కొంత నిజం ఉందని నాకు మూడో ఏడాదిలో గానీ తెలియలేదు.

చేరేటప్పుడు నా లెక్క వేరు. ఇంజినీరింగ్‌కి ర్యాంకు రాలేదు, బీకాం అంటే నిద్రొస్తుంది. టూరిజం అయితే సెమిస్టరుకో టూరు ఉంటుంది, ఫీజు డబ్బుల్లోనే నాలుగు ఊళ్లు చూసేయొచ్చు అనుకున్నాను. మొదటి సెమిస్టర్ టైంటేబుల్లో అకౌంట్స్ కనిపించేసరికి ఏడుపొక్కటే తక్కువ.

మొదటి క్లాసులో మేడం "టూరిస్ట్ అంటే ఎవరు?" అని అడిగారు. మెడలో కెమెరా, నల్లకళ్లద్దాలు, టోపీ అని తలా ఒకటి చెప్పాం. ఆవిడ ఏమీ అనకుండా ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఇచ్చిన నిర్వచనం చెప్పారు. రోజూ మసిలే చోటు వదిలి, ఏడాదికి తక్కువ కాలం, వెళ్లినచోట ఉద్యోగం చేయడానికి కాకుండా ఇంకే పని మీద వెళ్లినా పర్యటనే. ఒక రాత్రయినా ఉంటే టూరిస్ట్, ఆ రోజే తిరిగొచ్చేస్తే డే విజిటర్. సరదాకే వెళ్లాలని అందులో ఎక్కడా లేదు. మొక్కు తీర్చుకోడానికి వెళ్లినా, ఆపరేషన్‌కి వెళ్లినా, చుట్టాలింటికి వెళ్లినా లెక్కలోకి వస్తారు.

సంక్రాంతి సెలవులకి దీని మీదే హోంవర్క్ ఇచ్చారు. పండక్కి మీ ఇంటికి వచ్చినవాళ్లందరి పేర్లూ రాసి, ఎవరు ఏ రకమో తేల్చుకు రమ్మన్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన మా పెద్దనాన్న కొడుకు నాలుగు రాత్రులున్నాడు కాబట్టి దేశీయ టూరిస్ట్, అందులో చుట్టాలింటికి వచ్చే రకం. అమలాపురం నుంచి పొద్దున్నే దిగి, కోడిపందేల్లో జేబు ఖాళీ చేసుకుని, చీకటి పడకముందే వెళ్లిపోయిన మామయ్య డే విజిటర్. చిక్కంతా మా పిన్నితో వచ్చింది. ఆరేళ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోంది, రెండు నెలల సెలవు మీద వచ్చింది. సొంతూరికి వచ్చిన మనిషిని టూరిస్ట్ అని ఎలా రాయాలి? మేడానికి ఫోన్ చేస్తే, అలా వచ్చే ఎన్నారైలని కూడా మన దేశం అంతర్జాతీయ పర్యాటకుల రాకలో కలిపి లెక్కేస్తుందని చెప్పారు. ఆ మాట పిన్నికి చెప్పాను.

"అయితే నేను ఫారిన్ టూరిస్టునా? మరి పొద్దున్నుంచీ నాతో అంట్లు తోమించుకుంటున్నారేంటే!"

మొదటి ఏడాది థియరీ ఎక్కువ. 1841లో థామస్ కుక్ ఇంగ్లండ్‌లో లెస్టర్ నుంచి లాఫ్‌బరోకి రైల్లో జనాన్ని తీసుకెళ్లడం, 1979లో లైపర్ అనే ఆయన గీసిన బొమ్మ: జనం బయల్దేరే చోటు, మధ్యలో దారి, చేరే చోటు. చూడ్డానికి చిన్నపిల్లల బొమ్మలా ఉంటుంది. కానీ ఆ మూడింట్లో మధ్యది తెగితే మిగతా రెండూ ఎందుకూ కొరగావని నాకు తర్వాత బాగానే అర్థమైంది, ఆ కథ కిందకి వస్తుంది. టైం జోన్ల లెక్కల గురించి మాత్రం చెప్పను. ఇప్పటికీ వేళ్లు మడిచే లెక్కపెడతాను.

నాకు బాగా ఎక్కిన పాఠం సర్వీసు గుణాల గురించి. హోటల్ గది, బస్సు సీటు, బోటు టికెట్, ఇవన్నీ నిల్వ ఉంచలేని సరుకులు. కోనసీమలోని దిండి ఊళ్లో మంగళవారం రాత్రి ఖాళీగా ఉండిపోయిన హౌస్‌బోట్ గదిని బుధవారం రెండుసార్లు అమ్ముకోలేం. ఆ రాత్రి అద్దె పోయిందంటే పోయినట్టే. మా క్లాసులో కడియం అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ల నాన్న కడియపులంక పూల మార్కెట్‌లో వ్యాపారి. "మా నాన్న ఎండెక్కితే మల్లెపూల రేటు సగానికి దించేస్తాడు మేడం, సాయంత్రం దాకా ఉంటే అవి చెత్త" అంది. గిరాకీని బట్టి రేటు మార్చడం గురించి పుస్తకంలో యీల్డ్ మేనేజ్‌మెంట్ అని ఇరవై పేజీలుంది. ఆ పిల్ల ఒక్క ముక్కలో తేల్చేసింది.

రెండో ఏడాదిలో టికెటింగ్. అమెడియస్ అని విమానం టికెట్ల సాఫ్ట్‌వేర్ ఉంటుంది, అందులో అంతా కోడ్లతోనే పని. హైదరాబాద్ హెచ్‌వైడీ, చెన్నై ఎంఏఏ, కువైట్ కేడబ్ల్యూఐ, మన రాజమండ్రి ఆర్‌జేఏ. ఒక పీఎన్ఆర్ తయారవ్వాలంటే అయిదు ఉండాలి: ఫోన్, ఎవరు చేయమన్నారు, ప్రయాణం, పేరు, టికెటింగ్ వివరం. ఇంగ్లీషులో వాటి మొదటి అక్షరాలు కలిపితే ప్రింట్ అనే మాట వస్తుందని గుర్తుపెట్టుకున్నాం. ఒక్కటి వదిలేసినా కంప్యూటర్ మూతి ముడుచుకుని కూర్చుంటుంది.

ఆ వేసవిలో నరసాపురంలో ఒక ట్రావెల్స్‌లో ఆరు వారాలు ఇంటర్న్‌షిప్ చేశాను. గోడ మీద స్విట్జర్లాండ్ మంచుకొండల పోస్టర్ ఉండేది. ఆరు వారాల్లో ఒక్కరూ దాని వంక చూడలేదు. వచ్చిన వాళ్లంతా కువైట్, మస్కట్, దోహా, దుబాయ్. పాస్‌పోర్ట్ పాలిథిన్ కవర్లో చుట్టి, దాన్ని చేతిసంచిలో అడుగున పెట్టి, అడిగినప్పుడు మెల్లగా బయటకి తీసేవారు. టికెట్ తీసుకున్నాక "అక్కడ దిగేసరికి పొద్దుటేనాండి, రాత్రాండి?" అని అడిగేవారు. రిసీవ్ చేసుకునేవాళ్లు ఎవరూ లేకపోతే రాత్రి దిగడం భయం. నిర్వచనం ప్రకారం వీళ్లెవరూ టూరిస్టులు కారు, పనికి వెళ్తున్నారు. కానీ ఆ ఆఫీసు అద్దె, కరెంటు బిల్లు, నాకిచ్చిన టీ డబ్బులు అన్నీ వీళ్లవే. ఈ సంగతి ఇంటర్న్‌షిప్ రిపోర్టులో రాస్తే మేడం పక్కన టిక్కు పెట్టి, "దీని మీద సెమినార్ ఇవ్వు" అని రాశారు. చేతులు వణుకుతూ ఇచ్చాను.

అక్కడే పేరు విలువ తెలిసింది. టికెట్ మీద ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు, పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టు ఉండాలి. మన గోదావరి జిల్లాల్లో అన్నవరం స్వామి పేరు పెట్టుకోని ఇల్లు ఉండదు కదా, వీర వెంకట సత్యనారాయణ అని ఒకాయన వచ్చారు. నేను ధీమాగా వెంకట సత్యనారాయణ అని కొట్టి 'వీర' వదిలేశాను. ఓనర్ నా వెనక నుంచి స్క్రీన్ చూసి, "ఆగమ్మా, ఇంకా టికెట్ ఇష్యూ అవలేదు. ఆ సత్యనారాయణస్వామే కాపాడాడు నిన్ను" అన్నారు. అప్పటినుంచి పేర్లు చివరి అక్షరం నుంచి వెనక్కి చదువుకుని సరిచూసుకోవడం అలవాటైంది.

గైడ్ పని నేర్పే పేపర్లో మమ్మల్ని ధవళేశ్వరం తీసుకెళ్లారు. ఒక్కొక్కరం అయిదు నిమిషాలు మాట్లాడాలి. నేను నిలబడి చెయ్యి చాచి, "ఈ బ్యారేజీని కాటన్ దొర కట్టించారు" అని మొదలుపెట్టాను. అక్కడితో ఆపేశారు. కాటన్ కట్టించింది ఆనకట్ట, 1852కి పూర్తయింది. ఇప్పుడు మనం చూస్తున్న బ్యారేజీ స్వతంత్రం వచ్చాక కట్టింది, 1982కి పూర్తయింది, దానికి ఆయన పేరు పెట్టారు. చిన్నప్పటినుంచీ బస్సులో దాని మీంచి వెళ్తూ అమ్మమ్మ చెప్పింది నమ్మేశాను. చరిత్ర, స్థలపురాణం, మా అమ్మమ్మ చెప్పింది, ఈ మూడూ మూడు వేరు గిన్నెల్లో ఉండాలన్నది ఆ రోజు పాఠం. మూడూ వడ్డించొచ్చు, కలిపి వడ్డించకూడదు. ద్రాక్షారామంలోనూ అంతే. సప్తర్షుల కథ చెప్పు, గోడల మీద శాసనాలూ చూపించు, ఏది ఏదో వినేవాడికి తెలిసేలా చెప్పు.

కోరింగలో ఇంకో తమాషా. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవి, 235 చదరపు కిలోమీటర్లు. దాని మీద మేం తయారుచేసిన కరపత్రంలో పెద్ద బావురుపిల్లి బొమ్మ వేశాం. మేడం చూసి, "ఇది ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది, మీ టూరేమో పదకొండు గంటలకి. దీని బొమ్మ చూసి డబ్బు కట్టినవాడికి ఏం చూపిస్తారు?" అన్నారు. నిజంగానే మేం వెళ్లినప్పుడు పాటు సమయం. నీళ్లు దిగి బురద తేలి ఉంది. ఆ బురదలోంచి వేళ్లంత సన్నగా వందల కొద్దీ శ్వాసవేర్లు పైకి నిక్కి ఉన్నాయి. మధ్యలో ఎర్రటి గిట్టతో ఒక పీత మమ్మల్ని చూసి కన్నంలోకి దూరింది. కరపత్రంలో పిల్లిని తీసేసి ఆ వేర్లు పెట్టాం. అంత బాగా ఏమీ రాలేదు గానీ, చూపించగలిగేదే వేశాం.

థియరీల్లో నాకు ఇష్టమైనది 1975లో డాక్సీ చెప్పినది. జనం వచ్చేకొద్దీ ఊరివాళ్ల మనసు నాలుగు మెట్లుగా మారుతుందంటాడు. ఇంగ్లీషు మాటలు నోరు తిరగక పరీక్షలో తెలుగులో రాసేశాను: రండి రండి, వచ్చారా, మళ్లీ వచ్చారా, ఎందుకొచ్చారు. పూర్తి మార్కులు పడ్డాయి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పదకొండు ఊళ్ల రుద్రులు కొలువుదీరే తోట అది. గుడ్డలతో అలంకరించిన ఎత్తైన వెదురు ప్రభల్ని భుజాల మీద మోస్తూ పచ్చటి వరిచేలు తొక్కుకుంటూ, కౌశిక కాలవలో దిగి తీసుకొస్తారు. చేను తొక్కితే రైతు ఏమీ అనడు, అది స్వామి వచ్చిన దారి. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం కూడా ఈ ప్రభలదే. మరి ఫోటోల కోసం వచ్చినవాడు అదే చేను తొక్కితే? దీని మీద క్లాసులో గంటన్నర కొట్టుకున్నాం. తేలలేదు.

డబ్బు ఊళ్లో ఎంత మిగులుతుంది, ఎంత బయటికి కారిపోతుంది అనేది ఇంకో పాఠం. దానికి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేకపోయింది. మా అమ్మ లేసు అల్లుతుంది. అమ్మ అల్లిన లాంటి టేబుల్ గుడ్డే ఒక ఎగ్జిబిషన్లో చూశాను. అట్టముక్క మీద ఉన్న రేటు అమ్మకి ముట్టిన కూలికి ఎనిమిది రెట్లు. ఇంటికొచ్చి చెప్పలేదు.

ఇక అసలు సంగతి. అయిదో సెమిస్టర్లో మేమే ఒక రోజు టూరు వేసి, మొదటి ఏడాది పిల్లల దగ్గర డబ్బులు తీసుకుని తిప్పి తీసుకురావాలి. మార్కులన్నీ దాని మీదే. మా అయిదుగురి బ్యాచ్‌కి నేను టూర్ మేనేజర్ని, ఎందుకంటే వెళ్లేది అంతర్వేది, మా ఊరి పక్కనే. నరసాపురం దాకా బస్సు, పంటు మీద వశిష్ట దాటడం, అక్కడినుంచి ఆటోల్లో అంతర్వేది, మధ్యాహ్నం గుడి తలుపులు వేసేలోపు నరసింహస్వామి దర్శనం, తర్వాత నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు.

ఖర్చు లెక్క ఇలా వేశాం. బస్సు 14,000, మిగతా ఏర్పాట్లు 2,000. ఎంతమంది వచ్చినా ఈ 16,000 మారదు. టిఫిన్, భోజనం, పంటు, ఆటో కలిపి మనిషికి 250. 40 మంది వస్తే మనిషికి 650 పడుతుంది, 700 వసూలు చేద్దాం అనుకున్నాం. ప్లాను మేడానికి చూపిస్తే ఎర్రపెన్నుతో ఒక్కటే ప్రశ్న రాశారు: బాత్రూం ఎక్కడ? చూడాల్సినవి ఎనిమిది రాసుకున్నాం, ఆగాల్సినవి ఒక్కటీ రాసుకోలేదు. వచ్చేవాళ్లలో సగం పైన ఆడపిల్లలు. నాకు సిగ్గేసింది. దారిలో బాత్రూములున్న చోట్లు వెతికి రాశాం. టూరుకి ముందు అదే వారం, అదే టైముకి ఒకసారి ఆ దారిలో వెళ్లి చూసి రావాలని కూడా చెప్పారు. మిగతావాళ్లు వెళ్దామన్నా నేనే "మా ఊరికి నేను రెక్కీకి వెళ్లడమేంటి" అని కొట్టిపారేశాను.

నవంబర్. ముందురోజు అల్పపీడనం అని టీవీలో చెప్పేసరికి ఎనిమిది మంది మానేశారు. 32 మందితో బయల్దేరాం. నరసాపురం రేవులో దిగేసరికి పంటు గట్టుకి కట్టేసి ఉంది. ఏరు నల్లగా, గాలికి అలలు లేచి ఉంది. నాన్నకి ఫోన్ చేశాను.

"గాలెక్కువుందమ్మా, ఆపేశారు. నిన్న సాయంత్రమే చెప్పారు."

"మరి నాకు చెప్పలేదేం నాన్నా?"

"నువ్వడిగావా?"

అవతల గట్టు మీద ఆటోలు కనిపిస్తూనే ఉన్నాయి. లైపర్ బొమ్మలో మధ్య గీత తెగిపోయి నా కళ్లముందు అలలు కొడుతోంది. పాలకొల్లు, చించినాడ మీదుగా బస్సు తిప్పాం. అంతర్వేది చేరేసరికి గుడి తలుపులు వేసేశారు. భోజనం ముందుకి జరిపి, గట్టు దగ్గరికి తీసుకెళ్లి, సాయంత్రం తలుపులు తీశాక దర్శనం చేయించాం. పిల్లలకి బాగానే ఉంది, వానలో తడిసి కేరింతలు కొట్టారు. లెక్కలోనే దెబ్బతిన్నాం. 32 మంది దగ్గర వచ్చింది 22,400, మేం వేసుకున్న లెక్క ప్రకారమే ఖర్చు 24,000. అదనంగా తిరిగిన కిలోమీటర్లకి డీజిల్ వేరు. అయిదుగురం జేబుల్లోంచి వేసుకున్నాం.

దర్శనం అయ్యాక నాన్న గుడి దగ్గరికి వచ్చాడు. నేను బస్సెక్కి తలలు లెక్కపెడుతుంటే కింద నిలబడి చూస్తున్నాడు. 31 వచ్చింది. మళ్లీ లెక్కపెడితే మళ్లీ 31. ఒళ్లు చల్లబడిపోయింది. ఒక పిల్ల చెప్పు తెగి కొట్టు దగ్గర ఆగిపోయిందట, నాన్నే వెళ్లి తీసుకొచ్చాడు. "ఎక్కినోళ్లని అందరూ లెక్కెడతారమ్మాయ్. దిగినోళ్లని లెక్కెట్టేవాడే ఉండడు" అన్నాడు. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగినప్పటి నుంచి నాన్న రేవులో ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ కూడా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాడు. ఎవరూ చెప్పిన పని కాదు. మాకు మూడో ఏడాదిలో సేఫ్టీ మీద ఒక యూనిట్ మొత్తం ఉంది, ప్రయాణికుల జాబితా, లైఫ్ జాకెట్లు, ఎక్కే బరువు. పెద్దమ్మ మాట గుర్తొచ్చింది గానీ, అప్పుడు నవ్వే ఓపిక లేదు.

వైవాలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ నష్టం గురించి అడగనే లేదు. "పంటు ఉందో లేదో ముందురోజు ఎవరికి ఫోన్ చేశారు?" అని అడిగారు. మా నాన్న అందులోనే పనిచేస్తాడని చెప్పలేక తల దించుకున్నాను. దానికే మార్కులు తగ్గాయి.

ఇప్పుడు రాజమండ్రిలో ఒక టూర్స్ ఆఫీసులో చేస్తున్నాను. పంచారామాలు, పాపికొండలు, కోనసీమ, ఇవే ఎక్కువ. 2027 పుష్కరాలకి గదుల గురించి ఇప్పటినుంచే అడుగుతున్నారు. నేను మాత్రం పెద్దగా ఊళ్లు చూసింది లేదు. వేరేవాళ్లని బస్సెక్కించి, వాళ్లు దిగేదాకా ఫోన్ పట్టుకుని ఆఫీసులో కూర్చుంటాను. అంతర్వేది గ్రూపు ఉన్నప్పుడల్లా ముందురోజు రాత్రి నాన్నకి ఫోన్ చేస్తాను. మొన్న శుక్రవారం కూడా చేశాను.

"గాలి లేదమ్మా, రేపు పంటు తిరుగుద్ది" అన్నాడు. పెట్టేయబోతుంటే, "బాత్రూముల సంగతి చూసుకున్నావా?" అన్నాడు.